తిహువానా సంగమంలో కార్తీక స్నానం

వసంతలక్ష్మి గారి కారులో ఎవరూ ఎక్కేవారు కాదు. వెనక సీటు మడిచేసి అక్కడ ఐస్ పెట్టెలు, రబ్బరు బూట్లు, చివర బిగింపు ఉన్న పొడవాటి కర్ర పెట్టుకునేవారు ఆవిడ. ఎన్నిసార్లు బ్లీచ్‌తో కడిగినా ఆ కారులో ఒక వాసన మిగిలేది. మూత సరిగా పడని డ్రైనేజీ మీద ఎవరో సెంటు కొట్టినట్టుండేది. మెక్సికో సరిహద్దు దగ్గరి మా ఊరు చూలా విస్టాలోని తెలుగు పిల్లలు ఆవిణ్ణి పూప్ ఆంటీ అనేవారు. "తప్పు, అలా అనకూడదు" అంటూ పెద్దవాళ్లు నవ్వేవారు.

ఆవిడది విశాఖపట్నం. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ. 1998లో భర్త శ్యామ్‌సుందర్ గారి వెంట వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఎనిమిదేళ్లు ఇంట్లో కూర్చున్నారు. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి చదువు పాతబడిపోయింది. బయోటెక్ కంపెనీలేవీ ఇంటర్వ్యూకి పిలవలేదు. నీటి పరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబ్ పిలిచింది. బీచ్‌లకి వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చే మనిషి కావాలి వాళ్లకి. అంతకు ముందు వచ్చినవాళ్లెవరూ ఆ వాసనకి మూడు నెలలు నిలవలేదట. ఈవిడ నిలిచారు. శ్యామ్‌సుందర్ గారు మాత్రం బయట "మా మిసెస్ ఎన్విరాన్‌మెంట్ ఫీల్డ్" అని చెప్పేవారు.

మేము 2010లో అమెరికా తూర్పు కొసనున్న పార్సిప్పనీ నుంచి ఇక్కడికి మారాం. మా అమ్మాయి వేదకి అప్పుడు ఏడాదిన్నర. తలా ఒక వంటకం తెచ్చుకునే మొదటి పాట్‌లక్‌లో వసంతలక్ష్మి గారు చేతులు చాచి "రా బంగారూ" అన్నారు. ఆవిడ ఉద్యోగం ఏమిటో అంతకు అయిదు నిమిషాల ముందే ఎవరో నా చెవిలో వేశారు. నేను పిల్లని వెనక్కి లాక్కుని "ఇప్పుడే పాలు తాగిందండీ, కక్కేస్తుంది" అన్నాను. బయోకెమిస్ట్రీ చదివి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. సబ్బుతో చేతులు కడుక్కుంటే ఏం పోతుందో, ఏం మిగులుతుందో నాకు తెలుసు. అయినా ఆ మాటే నోటికొచ్చింది. ఆవిడ చేతులు దించుకుని "అవునమ్మా, పాలు తాగితే కదపకూడదు" అన్నారు. నాకు సులువుగా ఉండాలని ఆ అబద్ధాన్ని ఆవిడే పూర్తి చేశారు.

తర్వాతి వేసవిలో వేదని ఇంపీరియల్ బీచ్‌లో ఆడించి తెచ్చిన మర్నాడు దానికి విరేచనాలు పట్టుకున్నాయి. భయం వేసి ఆవిడకే ఫోన్ చేశాను.

"పియర్‌కి, అదే సముద్రంలోకి కట్టిన ఆ చెక్క వంతెనకి, ఏ పక్కన ఆడింది? ఉత్తరమా, దక్షిణమా?" అని అడిగారు. "నీళ్లు ఎటు లాగుతున్నాయి? మింగిందా? కంగారు పడకు. జ్వరం లేదుగా? ఉప్పు, పంచదార కలిపి పట్టు. శనివారం పొద్దున నాతో రా, నీకు ఒకటి చూపిస్తాను."

ఆ శనివారం ఆవిడ కారులో ఎక్కాను. కిటికీ అద్దం దించుకునే కూర్చున్నాను.

అమెరికా నైరుతి మూల చిట్టచివర, సరిహద్దు కంచె ఇసుక మీదుగా సముద్రంలోకి దిగిపోయే చోట ఒక పార్కు ఉంది. మిట్ట మీద బల్లలు, పాత సరిహద్దు రాయి. కంచెకి అవతల మెక్సికో నగరం తిహువానా ఇళ్లు గోడకి ఆనుకుని ఉంటాయి, వాళ్ల పాటలు ఇవతలికి వినిపిస్తాయి. ఇవతల మైళ్ల కొద్దీ ఉప్పునీటి పర్ర, ఇసుక దిబ్బలు. గుప్పెడంత ఉండే ఉల్లంకి పిట్టలు ఇసుకలో చిన్న గుంట చేసుకుని అందులోనే గుడ్లు పెడతాయి. వాటి చుట్టూ తాడు కట్టి, దాటవద్దని బోర్డు పెట్టారు. ఒక తల్లి పిట్ట మమ్మల్ని చూసి రెక్క విరిగినట్టు నటిస్తూ గూటికి దూరంగా ఈడ్చుకుంటూ పోయింది.

"చూశావా, మనల్ని అటు పిలుస్తోంది. వెళ్లకు, పాపం అలిసిపోతుంది" అన్నారు వసంతలక్ష్మి గారు.

ఇంకా ఉత్తరానికి నడిస్తే ఆ నగరం పేరే ఉన్న నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. వానలు పడితే, లేదా ఎగువన ఎక్కడైనా మురుగు తోడే పంపు ఆగిపోతే, ఆ నది ఒక మహానగరపు మురుగునంతా మోసుకొస్తుంది. ఆవిడ రొమ్ము దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని మోకాలి లోతు నీళ్లలో దిగారు. సీసా మూతిని కెరటానికి ఎదురుగా పెట్టి, ఒక్క ఊపులో నింపి, మూత బిగించి ఐస్‌లో పెట్టారు. కాలి దగ్గర ఒక పిల్లల డైపర్ ఉబ్బిపోయి తేలుతోంది. గోధుమరంగు నురుగు ఒడ్డున పొరలు పొరలుగా పేరుకుని గాలికి వణుకుతోంది. నేను ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాను. ఆ నురుగులోనే పిట్టలు ముక్కులు పొడిచి పురుగులు ఏరుకుంటున్నాయి.

"ఈ నీళ్లలో పొడి కలిపి, చిన్న గళ్లున్న పళ్లెంలో పోసి ఇరవై నాలుగు గంటలు వెచ్చగా ఉంచుతాం" అన్నారు ఆవిడ, చేతులకి స్పిరిట్ రుద్దుకుంటూ. "మలంలో ఉండే బ్యాక్టీరియా ఉంటే గళ్లు నీలంగా వెలుగుతాయి. ఎన్ని వెలిగితే అంత. లెక్క దాటితే నీళ్లలో దిగవద్దని బోర్డు పెడతారు."

"అంటే ఇవాళ్టి నీళ్ల సంగతి రేపు తెలుస్తుందా?"

"అంతేనమ్మా. ఇవాళ మునిగినవాళ్లు మునిగినట్టే."

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

2012 కార్తీకమాసంలో మా తెలుగు సంఘం వనభోజనాలు ఆ పార్కులోనే పెట్టింది. ఈవెంట్స్ చూసే హర్షవర్ధన్‌కి మ్యాప్‌లో ఆ చోటు కనిపించిందట. "ఫ్రెండ్స్, నది సముద్రంలో కలిసే చోటు మనకి అరగంట డ్రైవ్‌లో ఉంది. ఈసారి భోజనాలకి ముందు సాగర సంగమ స్నానం. జస్ట్ టోకెన్ డిప్" అని ఈమెయిల్ వచ్చింది. కింద దీపం బొమ్మ.

వసంతలక్ష్మి గారు ఆ రోజే జవాబు రాశారు. ఒక పేజీ ఇంగ్లీషు. సీవేజ్, కంటామినేషన్, ఎంటరోకోకస్ కౌంట్లు, గత మూడేళ్ల అంకెలు. హర్షవర్ధన్ తిరిగి రాసింది ఒక్క వాక్యం: "థాంక్స్ ఆంటీ, నెల నుంచి వానల్లేవు, వీ ఆర్ గుడ్." అతనికి ముప్ఫై ఎనిమిదేళ్లు, ఆవిడకి నలభై ఎనిమిది. ఆంటీ అని ఊరికే అనలేదు.

ఆ ఆదివారం అరవై మందిమి వెళ్లాం. వనభోజనానికి ఉసిరి చెట్టు ఉండాలి కదా. ఇండియన్ స్టోర్ నుంచి ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ తెచ్చి ఒక పొదకి కట్టారు. అది కరుగుతూ బొట్లు బొట్లుగా కారుతోంది. ఆడవాళ్లు దానికి పసుపు కుంకుమ పెట్టి ఫోటోలు తీసుకున్నారు. బల్ల మీద పదిహేను రకాలు పేర్చారు. వసంతలక్ష్మి గారి పులిహోర ఒక చివర, రేకు మూత కూడా తీయకుండా ఉంది.

వేదని భుజాల మీద ఎక్కించుకుని మా ఆయన శశికాంత్ అందరితోపాటు సంగమం వైపు నడిచిపోయాడు. "శశీ, దాన్ని నీళ్లలోకి దింపకు" అని వెనకనుంచి అరిచాను. చెయ్యి ఊపాడు. అది సరే అనడమో, పో అనడమో తెలియలేదు. నేను ఆ చేతినే చూస్తూ వెనకాల పరుగులాంటి నడక నడిచాను.

వసంతలక్ష్మి గారు అందరికన్నా ముందే అక్కడికి చేరారు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీటి అంచున నిలబడి ఉన్నారు. నది నోటి నుంచి ఒక గోధుమరంగు చార సముద్రంలోకి సాగింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచుకి పీలికలు పీలికలుగా తెల్లటి కాగితం వేలాడుతోంది. అది ఏ కాగితమో అర్థమై రెండడుగులు వెనక్కి వేశాను. వాన చుక్క పడలేదు. ఎగువన ఎక్కడో పంపు ఆగి ఉంటుంది. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఉండే సీసా ఒకటి తీసి నింపారు. తర్వాత ఇలాంటివి అధికారులకి తెలియజేసే నంబరుకి ఫోన్ చేశారు. ఆదివారం కాబట్టి మెషీన్ పలికింది. స్థలం, సమయం చెప్పి పెట్టేశారు.

అప్పటికే జనం వచ్చేశారు. రాధాకృష్ణ గారు, వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారాంతాల్లో పౌరోహిత్యం, పంచె బిగించి గట్టు మీద నిలబడ్డారు.

"హర్షా, నీళ్లు బాగాలేవు. ఎవర్నీ దింపకండి. దిస్ ఈజ్ రా సీవేజ్" అన్నారు వసంతలక్ష్మి గారు.

"రిపోర్ట్ ఉందా ఆంటీ?"

"రేపు వస్తుంది."

"మరి రేపు చెప్పండి." చుట్టూ నవ్వారు. "బోర్డు కూడా ఏం లేదు కదా. ఉంటే మేమే దిగేవాళ్లం కాదు."

"బోర్డు కూడా రేపే వస్తుందయ్యా."

"లైట్ తీసుకోండి ఆంటీ. గోదావరి పుష్కరాల్లో మునిగినోళ్లం, ఇదెంత? అయినా ఇది మెక్సికో వాళ్ల మురికి, మనకి అంటదులే." మళ్లీ నవ్వులు.

"మా వైజాగ్‌లో మన డ్రైన్లు మాత్రం ఎక్కడ కలిసేవి? బీచ్‌లోనే" అన్నారావిడ. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

నేను కూడా ముందుకెళ్లి చెప్పాను. హెపటైటిస్ ఏ, నోరోవైరస్, షిగెల్లా, అయిదేళ్ల లోపు పిల్లలకి రిస్క్ ఎంతో. నా గొంతు నాకే క్లాసులో పాఠంలా వినిపించింది. "దేదీప్య గారూ, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి తల్లిపాలల్లో కూడా క్రిములే కనిపిస్తాయండీ" అన్నాడు ఒకాయన, చాలా ప్రేమగా. శశికాంత్ నా చెవి దగ్గర "అందరి ముందూ సీన్ చెయ్యకు, పాదాలు తడుపుకుని వచ్చేస్తాం" అన్నాడు. వేద అప్పటికే అతని భుజం దిగి, చెప్పులు విప్పేసి, నీటి వైపు వంగి ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను. అది గింజుకుంటూ అంచు నీళ్లలో కాళ్లు, వేళ్లు తడిపేసుకుంది. హర్షవర్ధన్ కొడుకు మానవ్, ఆరేళ్లవాడు, ఎవరికోసమూ ఆగలేదు. నడుము లోతులో గంతులేస్తూ, నోట్లో నీళ్లు పోసుకుని ఫౌంటెన్‌లా ఊదుతున్నాడు.

సంకల్పం మొదలైంది. గంగ, యమున, గోదావరి, కృష్ణ పేర్ల తర్వాత రాధాకృష్ణ గారు ఒక్క క్షణం ఆగి "తిహువానా" అని కూడా చేర్చారు. కొందరు మురిసిపోయారు. మోకాళ్ల లోతులో నలభై మంది. రేకు దొన్నెల్లో దీపాలు. హర్షవర్ధన్ తల్లి ధనమ్మ గారు, కరీంనగర్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, ఇంటికి తీసుకెళ్లడానికి రాగి చెంబు ముంచి నింపుకున్నారు. "అందరూ దోసిట్లో తీసుకోండి. మూడుసార్లు శిరస్సు మీద, తర్వాత మూడుసార్లు ఆచమనం" అన్నారు పురోహితులు. ఆచమనం అంటే మింగడం. దోసిళ్లు లేచాయి. తలల మీద నుంచి ఆ నీళ్లు మొహాలకి, పెదాలకి కారుతున్నాయి.

వసంతలక్ష్మి గారు చీరతోనే నీళ్లలోకి దిగిపోయారు. రాధాకృష్ణ గారికీ జనానికీ మధ్య నిలబడ్డారు. "ప్లీజ్ డోంట్ డ్రింక్ ఇట్" అన్నారు ముందు. ఎవరూ తలెత్తలేదు. అప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. పద్నాలుగేళ్లుగా అమెరికాలో ఎవరి ముందూ వాడని గొంతు అది.

"పియ్యర్రా అది! పియ్యి! మీరు నెత్తిన పోసుకుంతన్నది ఊరందరి పియ్యి! నోట్లో ఏటి పోసుకుంతన్నారు, సెప్పేది ఇనపడదా? పిల్లల్ని పైకి తియ్యండర్రా!"

మంత్రం ఆగిపోయింది. దోసిళ్లు గాలిలో అలాగే ఉండిపోయాయి.

అందరికీ ఆ విషయం ముందే తెలుసు. ఈమెయిల్‌లో చదివారు, ఇందాక చెవులారా విన్నారు. సీవేజ్ అంటే ఎవరి ముక్కూ ముడుచుకోలేదు. పూప్ అంటే డైపర్ల ప్రకటనలో పాపాయి గుర్తొస్తుంది. మా ఇళ్లలో కొన్నేళ్లుగా ఆ వస్తువుకి ఇంగ్లీషు పేర్లే ఉన్నాయి, వాటికి వాసన లేదు. ఈ మాట వినగానే మాత్రం మొహం మీద కారుతున్నది ఏమిటో ప్రతివాళ్లకీ చిన్నప్పటి నుంచీ తెలిసిన పేరుతో తెలిసింది. ఒకావిడ అక్కడికక్కడే కక్కింది. ఆ పక్కనున్నవాళ్లు ఆ వాంతి తగలకుండా దూకి ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. నిమిషంలో నీళ్లలో ఎవరూ లేరు. తాగే నీళ్ల బాటిళ్లన్నీ తలల మీద గుమ్మరించుకున్నారు. హ్యాండ్ శానిటైజర్ నాలుకకి రాసుకున్న మనిషిని ఆ రోజే చూశాను. వేద కాళ్లు నేను మూడు బాటిళ్లతో కడిగాను. వేళ్లు నోట్లో పెట్టుకుందో లేదో శశికాంత్‌కి తెలియదు, నాకూ తెలియదు.

తుడుచుకున్నాక కోపాలొచ్చాయి. ఆ కోపాలు నీటి మీద కావు.

"కార్తీకమాసంలో, సంకల్పం మధ్యలో, ఆ మాటా?" అన్నారు రాధాకృష్ణ గారు. "చిన్నపిల్లలున్నారు. మర్యాదగా చెప్పే పద్ధతి లేదా?"

"మర్యాదగా మూడుసార్లు చెప్పానండి" అన్నారు వసంతలక్ష్మి గారు. చీర అంచు నుంచి గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి.

"ఆంటీ, యూ ఓ అస్ ఆన్ అపాలజీ" అన్నాడు హర్షవర్ధన్. "పంతులు గారూ, దీనికి ఏమైనా ప్రాయశ్చిత్తం ఉంటే చేసేద్దాం."

అమంగళపు మాట పలికినందుకు సంప్రోక్షణ చెయ్యాలన్నారు ఆయన. అందరి మీదా నీళ్లు చల్లాలి. బాటిళ్లన్నీ అయిపోయాయి. ఆయన చుట్టూ చూసి, ధనమ్మ గారి చేతిలోని రాగి చెంబు కోసం చెయ్యి చాపారు.

ధనమ్మ గారు ఆయన మొహం చూశారు, కొడుకు మొహం చూశారు. చెంబు ఇసుకలో బోర్లించేశారు.

"ఏంది పంతులూ, సోయి ఉండే అడుగుతున్నవా? పెంట నీళ్లు మల్లొకపారి సల్లుతవా?" అన్నారు. కొడుకు వైపు తిరిగారు. "ఆ బిడ్డ నోరు తెరిస్తెనే కదరా మనం బయటపడ్డది. నువ్వు కాదూ సంగమం అని తోలుకొచ్చినవు?"

"అమ్మా, నువ్వు ఊకో."

"ఊకుంట. ముందు పొల్లగాని నోరు కడుగు."

భోజనాలు ఎవరూ సరిగా తినలేదు. శ్యామ్‌సుందర్ గారు అప్పటికే కారులో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని ఎదురు చూస్తున్నారు. వసంతలక్ష్మి గారు మూత తీయని పులిహోర గిన్నె ఒక చేత, నీటి సీసా ఉన్న ఐస్ పెట్టె ఒక చేత పట్టుకుని ఒక్కరే నడిచి వెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఫోన్‌లో ఒక ఫోటో పంపారు. చీకటి పెట్టెలో పళ్లెం. అందులోని తొంభై ఏడు గళ్లూ నీలంగా వెలుగుతున్నాయి. ఆ పరీక్ష కొలవగలిగిన అంకె దాటిపోయింది. పదింతలు పల్చన చేసినా అంతే. "వేద ఎలా ఉంది?" అని కింద రాశారు. సంఘం లిస్టులో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తున్నారట. సగం మంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో ఇద్దరు "ఆ టాపిక్ వద్దు ఆంటీ" అన్నారు.

మంగళవారానికి మానవ్‌కి జ్వరం, వాంతులు, రక్తంతో విరేచనాలు. ఆ సంగతి నాకు సంఘం ఈమెయిల్‌లో తెలిసింది. పిక్నిక్‌లో ఫుడ్ పాయిజనింగ్ జరిగి ఉండవచ్చనీ, కొందరు సభ్యుల వృత్తిరీత్యా ఇంటి వంటకాలపై జాగ్రత్త అవసరమనీ, ఇకపై కార్యక్రమాల్లో సభ్య భాష వాడాలనీ అందులో ఉంది. వృత్తి పేరు రాయలేదు. ఎవరి గిన్నెనో అందరికీ తెలుసు. చదువుతుంటే, సంగమంలో కూడా రానంత వెగటు వచ్చింది నాకు. ఆ పులిహోర ఒక్క మెతుకు కూడా ఎవరి నోట్లోకీ పోలేదని జవాబు రాశాను.

ఆ సాయంత్రం వసంతలక్ష్మి గారు వేదని చూడటానికి మా ఇంటికి వచ్చారు. అది బాగానే ఉంది. దాని కళ్లు, నాలుక చూసి, పొట్ట నొక్కి, "ఇంకా రెండ్రోజులు కనిపెట్టుకుని ఉండు" అంటుండగా ఆవిడ ఫోన్ మోగింది. హర్షవర్ధన్ భార్య రేణు, ఆసుపత్రి నుంచి. గొంతు బయటికి వినిపిస్తోంది.

"ఆంటీ, డాక్టర్ అడుగుతున్నాడు, బయట ఏం తిన్నాడు, ఏ నీళ్లలో దిగాడు అని. హర్ష పిక్నిక్ ఫుడ్ అనే చెప్పిండు. నీళ్ల సంగతి చెప్తే అసోసియేషన్ మీదికి వస్తదని... నాకు భయమేస్తుంది. వాడు చాలా తాగిండు ఆంటీ."

"డాక్టర్‌కి ఫోన్ ఇవ్వమ్మా."

ఆవిడ మా వంటింటి గట్టు పక్కన నిలబడి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పారు. ఏ నది, ఎంత సేపు, ఏ సమయానికి, పిల్లవాడు మింగిన నీరు, మర్నాటి కౌంటు. అంకెలు చూసుకోకుండానే చెప్పారు. అవతల డాక్టర్ రెండు ప్రశ్నలు అడిగాడు, మూడోది అడగకుండా ఎవరికో ఏదో పురమాయించడం వినిపించింది. మళ్లీ రేణు గొంతు.

"వేరే టెస్ట్‌లు రాస్తున్నాడు ఆంటీ. మందు కూడా మారుస్తాడట."

"మంచిది. తడి బట్టలు విడిగా ఉతుకు. నీ చేతులు సబ్బుతో కడుక్కో, శానిటైజర్ చాలదు."

"సరే ఆంటీ." రేణు గొంతు తగ్గించింది. "నేను ఫోన్ చేశానని హర్షకి చెప్పకండి. ప్లీజ్."

"చెప్పనమ్మా" అన్నారు వసంతలక్ష్మి గారు.